కొండమీద తూకం

పాకాల నుంచి వచ్చిన ఆ కుటుంబం అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టేసరికి ఇంకా తెల్లారలేదు. నెలలు నిండకుండా కిలోన్నర బరువుతో పుట్టిన మనవడు బతికి బట్టకడితే నిలువెత్తు బెల్లం తూగిస్తానని అవ్వ మొక్కుకుంది. ఇప్పుడు వాడికి మూడేళ్లు. ముందురోజు ఇంట్లో కాటా మీద నిలబెడితే పన్నెండు కిలోలు!

"కొండెక్కితే వీడి బరువు తగ్గుతుంది, తెలుసా అవ్వా?" అంది పదో తరగతి చదివే మనవరాలు.

అవ్వ గుండె గుభేలుమంది. "ఏం మాటే అది!"

బరువంటే భూమి మనల్ని లాగే బలమేనని ఆ పిల్ల నడుస్తూనే చెప్పింది. న్యూటన్ 1687లో చెప్పిన లెక్క అది. రెండు వస్తువుల ద్రవ్యరాశుల్నీ గుణించి, వాటి మధ్య దూరాన్ని వర్గం చేసి భాగించాలి. వచ్చినదాన్ని 'జి' అనే స్థిరాంకంతో హెచ్చించాలి. దూరం కొలవాల్సింది కాళ్ల కింది నేల నుంచి కాదు, 6,371 కిలోమీటర్ల లోతున ఉన్న భూకేంద్రం నుంచి! ఆ లెక్కన పిల్లాణ్ణి భూమి లాగే బలం సుమారు 118 న్యూటన్లు.

తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. దూరం పెరిగింది కనుక ఆకర్షణ తగ్గుతుంది. కొండరాయి కూడా కాస్త లాగుతుంది కనుక ఆ తగ్గుదలలో కొంత పూడుతుంది. చివరికి తేడా సుమారు రెండు గ్రాములు. ఇంట్లో కాటాకు అది అందను కూడా అందదు.

"రెండు గ్రాములైనా స్వామికి తక్కువైనట్టే కదే..." అవ్వ దిగులు తీరలేదు. మనవరాలికీ జవాబు తోచలేదు.

తులాభారం దగ్గర తోచింది. ఒక తట్టలో తమ్ముడు, రెండో తట్టలో బెల్లం. "కొండెక్కింది వీడొక్కడే కాదవ్వా, బెల్లం కూడా! రెంటినీ భూమి ఒకేలా లాగుతుంది. స్ప్రింగు కాటాకైతే తేడా ఉంటుంది గానీ త్రాసుకు ఉండదు."

2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దిగిన చోట తూచినా అంతే. అక్కడ ఆకర్షణ ఆరో వంతే. స్ప్రింగు కాటా ఈ పిల్లాణ్ణి రెండు కిలోలంటుంది. త్రాసు మాత్రం పన్నెండు కిలోల బెల్లమే అడుగుతుంది.

"అయితే స్వామికి బాకీ లేనట్టే!" అవ్వ ముఖం విప్పారింది.

తట్టలోంచి మనవణ్ణి చంకనెత్తుకుంది. ఒకప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడినవాడు. చెయ్యి లాగుతోందని కొడుకు అందుకోబోయినా, దించలేదు.