కృష్ణుడు ఆకుపచ్చగా ఉన్నాడు

టీవీ మెకానిక్ ఎప్పుడూ పగలు పదకొండింటికే వస్తాడు, గమనించారా? అప్పటికి మగవాళ్ళు ఆఫీసులకీ, పిల్లలు కాలేజీలకీ వెళ్ళిపోయి ఉంటారు. "ఏమైందమ్మా టీవీకి?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది మనమే. "బొమ్మ సరిగ్గా రావట్లేదండీ" అంటే ఆయనకేం తెలుస్తుంది? డాక్టరు దగ్గరికెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకున్నట్టుంటుంది.

మా ఇంట్లో రెండు టీవీలున్నాయి. హాల్లో గోడకి తగిలించిన పల్చటిది ఒకటి. మా అత్తయ్య గదిలో వెనకాల పెద్ద బొజ్జ ఉన్న డబ్బా టీవీ ఇంకొకటి. 1996లో ప్రపంచ కప్పు క్రికెట్ మొదలవబోతుంటే మా మామయ్యగారు కొన్నారట. ఇరవై ఒక్క అంగుళాలది. ఆయన పోయాక దాన్ని పాతసామాన్లవాడికి వేసేద్దామన్న మాట చాలాసార్లు వచ్చింది. అత్తయ్య ఒప్పుకోలేదు. సెట్‌టాప్ బాక్సు నుంచి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు వెనక గుచ్చితే ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.

ఇన్నేళ్ళుగా మెకానిక్ పక్కన నిలబడి చూసి నేను కొన్ని నేర్చుకున్నాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పాత టీవీ ఉంటే పనికొస్తాయి.

తెర నిండా చీమలు పాకుతున్నట్టు చుక్కలొస్తుంటే టీవీ పాడైనట్టు కాదు, దానికి సిగ్నల్ అందట్లేదన్నమాట. ముందు వెనక పిన్నులూ, రిమోట్లో ఏవీ నొక్కామో లేదో చూసుకోవాలి. ఏంటెన్నా రోజుల్లో అయితే కాకి వాలి పక్కకి తిరిగినా ఇదే గొడవ. ఒకరు మేడ మీద తిప్పడం, ఒకరు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరవడం, మీకూ గుర్తుండే ఉంటుంది.

బొమ్మంతా పోయి తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లగీత మిగిలితే మాత్రం వెంటనే ఆపేయాలి. "వర్టికల్ పోయింది" అంటారు మెకానిక్కులు. అలాగే వదిలేస్తే ఆ గీత పడ్డచోట తెర కాలి మచ్చ ఉండిపోతుంది.

ఒక మూల ఊదా మచ్చో ఆకుపచ్చ మచ్చో కనిపిస్తే పక్కన స్పీకరేదైనా పెట్టారేమో చూడండి. ఆ తెర వెనక సన్నటి చిల్లులున్న ఇనప రేకు ఉంటుంది. స్పీకర్లో ఉండే అయస్కాంతం ప్రభావం దానికి సోకితే రంగులు తప్పుడు చోట పడతాయి. స్పీకరు దూరంగా జరిపి, గోడ దగ్గర స్విచ్ ఆపేసి, అరగంట ఆగి వేయండి. వేయగానే "డుంయ్" మని చిన్న చప్పుడొస్తుంది చూశారా, ఆ అయస్కాంతాన్ని పోగొట్టే తీగచుట్ట పనిచేసే చప్పుడది. రిమోట్‌తో ఆపి వేస్తే చాలా టీవీల్లో అది పనిచేయదు.

ఇక రంగుల సంగతి. ఆ తెర మీద మనకి కనిపించే వేల రంగులన్నీ మూడింటితోనే వస్తాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూడూ సమంగా కలిస్తే తెలుపు. అందులో ఏది తగ్గిందో తెలియాలంటే తెల్లబట్టల్ని చూడాలి. ఎరుపు పోతే తెల్లచీర నీలిఆకుపచ్చగా ఉంటుంది. ఆకుపచ్చ పోతే ముదురు గులాబీకి తిరుగుతుంది. నీలం పోతే పసుపులో ముంచినట్టుంటుంది.

ఈ ఆఖరిది మా ఇంటికొచ్చింది.

మొన్న వానాకాలంలో ఒకరోజు భోజనాల దగ్గర అత్తయ్య "టీవీలో కృష్ణుడు ఆకుపచ్చగా ఉన్నాడు" అంది. ఏదో పౌరాణిక సినిమా చూసిందట. అందరూ నవ్వారు. మా వారు "రెండో కన్నుకి కూడా ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందిలే అమ్మా" అన్నారు. ఆయన మాటలోనూ అర్థముంది. అత్తయ్యకి కుడికంటి శుక్లం నిరుడు తీశారు, ఎడమది ఇంకా ఉంది. శుక్లం ముదిరితే లోకమంతా పసుపుగా కనిపిస్తుందని డాక్టరే చెప్పారు. అత్తయ్య మారు మాట్లాడకుండా మజ్జిగన్నం తినేసి లేచింది.

అలా మారు మాట్లాడకపోవడమే నాకు నచ్చలేదు. అదివరకైతే కొడుకుని నాలుగు దులిపేది.

మర్నాడు పని తెమిలాక ఆవిడ మంచం మీద కూర్చున్నాను. "ఎలా కనిపిస్తోంది అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. "ఇదిగో అమ్మాయ్, ఆపరేషనైన కంటితో చూస్తున్నా. కిటికీలోంచి ఆకాశం నీలంగానే ఉంది. టీవీలో ఆకాశం మాత్రం పచ్చగా ఉంది. నా కన్ను కిటికీకి ఒకలా, టీవీకి ఒకలా పనిచేస్తుందా?"

ఎంత చక్కటి పరీక్షో చూడండి! ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నేను చూసినా పసుపే. ఆ టీవీ ముందు ఇంకెవరూ కూర్చోరు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అప్పుడు రిమోట్‌తో కలర్ మొత్తం సున్నాకి తగ్గించాను. అలా చేస్తే పాతకాలం సినిమాలా నలుపూ తెలుపుల్లో రావాలి. అప్పుడు బొమ్మ శుభ్రంగా ఉంటే బయటినుంచి వచ్చే రంగులోనో, దాన్ని విడదీసే చోటో తేడా ఉందన్నమాట. అప్పటికీ పసుపు ఛాయ పోకపోతే లోపం పిక్చర్ ట్యూబ్ వైపునే. మాది పోలేదు. వైరు వదులైందేమో అనుకోవడానికీ లేదు, ఆ ఒక్క పసుపు పిన్నులోంచే రంగులన్నీ కలిసి వస్తాయి. ఒక్క నీలాన్ని వదిలేసి రాదు.

ఇంతవరకే మన పని. వెనక డబ్బా విప్పే సాహసం ఎవరూ చేయకండి. పిక్చర్ ట్యూబ్‌కి ఇరవై వేల వోల్టులకి పైనే కరెంటు వెళ్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా అందులో కొంత నిలవుంటుంది. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉత్సాహపడినా సరే, వద్దనండి.

మెకానిక్‌కి ఫోన్ చేసి, "కలర్ సున్నా చేసినా పసుపే ఉందండీ, నీలం రావట్లేదు" అన్నాను. "అయితే ట్యూబ్ వెనక బోర్డు చూడాలమ్మా. ట్యూబ్‌లోనే నీలం గన్ను అయిపోయుంటే ఇక చేసేదేం లేదు" అన్నాడు. ఆ రెండో మాట అత్తయ్యకి చెప్పలేదు. మర్నాడు పదకొండింటికే వచ్చి, ట్యూబ్ మెడ దగ్గరున్న చిన్న బోర్డు మీద ఊడిన సోల్డరింగ్ మళ్ళీ వేసి, ఒక ట్రాన్సిస్టర్ మార్చాడు. ఐదొందలు తీసుకున్నాడు. "ఏం మామ్మగారూ, ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే అత్తయ్య ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, కిటికీ వైపు కూడా చూసి, అప్పుడు "బావుంది నాయనా" అంది.

సాయంత్రం కొడుకు రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. ఆయన కాసేపు నిలబడి, తరవాత కూర్చుని, సీరియల్ సగం చూశారు.

ఇది జరిగిన నాలుగు రోజులకి, నేను ఆవిడకి జడ వేస్తుంటే "అమ్మాయ్, కుడి పాదం నెల్లాళ్ళనుంచి మొద్దుబారినట్టుంటోంది. చెప్పు జారిపోయినా తెలియట్లేదు" అంది. అత్తయ్యకి ఇరవయ్యేళ్ళుగా షుగరు. నా గుండె జారింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "చెబితే వయసంటారుగా" అంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు. మందు మార్చారు. రోజూ పాదాలు చూసుకోమనీ, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనీ చెప్పారు. పుండు పడకముందే వచ్చారు, అదే నయమన్నారు. ఇప్పుడు రాత్రిళ్ళు సీరియల్ అయ్యాక ఆవిడ పాదాలు చూడటం మా వారి పని. టీవీ వెలుతురు చాలదని టార్చి తెచ్చుకుంటారు. ఎడమకంటి ఆపరేషన్ సంక్రాంతి వెళ్ళాక చేయించుకుంటానని అత్తయ్యే అంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "టీవీ బాగా రావట్లేదు" అంటే కలర్ సున్నా చేసి చూడండి. దానికన్నా ముందు ఎలా కనిపిస్తోందో వాళ్ళనే అడగండి.