మార్చుకునే హక్కు, మలిచే నేర్పు

ఒక కళారూపం ప్రజలదేనా అని విచారించేటప్పుడు, దానిని ఎంతమంది అనుభవిస్తున్నారన్న లెక్క ఒక్కటే చాలదు. దానిని మార్చుకునే వీలు ఎంతమందికి వుందో కూడా చూడాలి. తెలుగు పాఠం చెప్పేవాడు వీడియో గేముల విషయంలో యీ ప్రశ్న వేయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మా కళాశాలకు వచ్చే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప రైతుల పిల్లలు తీరిక దొరికితే దిమ్మెలు పేర్చి లోకాలు కట్టే ఆటలలో మునుగుతున్నారు. యువజనుల ఊహాశక్తి ఎక్కడ పనిచేస్తుందో అక్కడికి విమర్శకుడు వెళ్ళక తప్పదు.

అటువంటి ఆటలు రెండింటిని తీసుకుందాం. మైన్‌క్రాఫ్ట్ 2009లో స్వీడన్‌లో వెలువడింది. 2014లో మైక్రోసాఫ్ట్ దానిని 250 కోట్ల డాలర్లకు కొన్నది. లువాంటిని 2010లో ఫిన్లండ్‌కు చెందిన పెర్టూ అహోలా ప్రారంభించగా స్వచ్ఛంద కార్యకర్తలు పెంచారు. 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్. నిజానికది ఆటలను నడిపే ఇంజను. దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు.

మైన్‌క్రాఫ్ట్‌లో గోధుమ వుంది, బీట్‌రూట్ వుంది. పత్తి లేదు, మిరప లేదు. మా విద్యార్థి ఒకడు అందులో మిరపచేను వేయబూనాడు. జావా ఎడిషన్‌లో కొత్త మొక్కను చేర్చడానికి కంపెనీ వేసిన దారి లేదు. ఫోర్జ్, ఫాబ్రిక్ వంటి, అభిమానులే నిర్మించిన సాధనాలను ఆశ్రయించాలి. కోడ్‌లోని పేర్లను కంపెనీ ఏళ్ళ తరబడి అర్థంకాని అక్షరాలుగా మార్చి విడుదల చేసింది. అసలు పేర్ల పట్టికను 2019లో బయటపెట్టింది. ఆ ముసుగునే తీసివేస్తానని 2025లో ప్రకటించింది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత మాడ్‌లు తరచు చెడిపోతాయి, తిరిగి రాయవలసి వస్తుంది. అయినా వేలాది మాడ్‌లు పుట్టాయంటే, అది ప్రధానంగా ఆటగాళ్ళ శ్రమ ఫలితం.

లువాంటి మీద నడిచే మైన్‌టెస్ట్ గేమ్‌లో పత్తి వుంది. గింజ నాటి, కోసి, దారం చేయవచ్చు. మిరప అందులోనూ లేదు. అయితే లువా భాషలో కొద్ది పంక్తులు, మొక్క ఎదుగుదల చూపే నాలుగు బొమ్మలు చాలు. అదే విద్యార్థి రెండు సాయంత్రాలలో మిరప మొలిపించాడు. సర్వర్‌లో ఆ మాడ్ పెడితే, కలిసి ఆడేవారు దానిని విడిగా తెచ్చుకోనక్కరలేదు.

ఇంతటితో లువాంటిని కీర్తించి ఊరుకుంటే అది నినాదమవుతుంది, విమర్శ కాదు. మైన్‌టెస్ట్ గేమ్‌లో జంతువులే లేవు. మాడ్‌లతో తెచ్చుకోవచ్చు గాని, వేర్వేరు చేతుల పని ఒకదానితో ఒకటి అతకదు. మైన్‌క్రాఫ్ట్‌లో చీకటి పడితే నిజంగా భయం వేస్తుంది. శబ్దం, వెలుతురు, కదలిక ఒక్క మనసులోంచి వచ్చినట్టుంటాయి. జీతం తీసుకుని ఏళ్ళ తరబడి అదే పనిగా చేసిన నిపుణుల శ్రమ అది. మిరపచేను వేసిన మా విద్యార్థి కూడా సెలవురోజున ఆడేది మైన్‌క్రాఫ్టే!

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ కృషి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. పాత జంగం కథ ఎవరి సొత్తూ కాదు గనకనే ప్రజానాట్యమండలి బుర్రకథలో కొత్త వస్తువును నింపగలిగింది. కాని రూపం అందరిదీ అయినంత మాత్రాన జనం కదలలేదు. నాజర్ సంగీత సాధన, అభినయం దానికి తోడైనాయి.

కనుక అధ్యాపకులం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పొగిడి తృప్తి పడరాదు. బొమ్మ గీసేవాణ్ణి, పాట కట్టేవాణ్ణి, కోడ్ రాసేవాణ్ణి ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఆ మిరపచేలోకి ఎడ్లు రావాలి, వాటి నడక చూడముచ్చటగా వుండాలి. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కావలసింది మన శ్రమే.