టామీకీ గది సిద్ధం!

నాలుగు రోజులు ఊరెళ్దామనుకుంటే, కుక్కను పెంచుకునే ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న... 'మరి దీన్నెవరు చూస్తారు?' పక్కింటివాళ్లను బతిమాలుకోవాలి, లేదంటే ఇంట్లో ఒకరు ప్రయాణం మానుకోవాలి. ఇంగ్లండ్ పల్లెల్లో ఈ చిక్కే లేదు. సెలవులకు అద్దెకిచ్చే కాటేజీల్లో చాలాచోట్ల కుక్కలూ అతిథులే! మాంచెస్టర్‌లో ఉండే మా తమ్ముడి కుటుంబంతో, వాళ్ల టామీతో కలిసి ఓ మే నెలలో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లాం.

వాయవ్య ఇంగ్లండ్‌లో కొండలూ సరస్సులూ కలగలిసిన సీమ అది. 1951లో జాతీయ పార్కు అయింది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విండర్‌మియర్ దాకా రైల్లోనే వెళ్లాం. టామీకి టికెట్ లేదు. అక్కడి రైళ్లలో ఒక్కొక్కరు రెండు పెంపుడు జంతువుల్ని ఉచితంగా తీసుకెళ్లొచ్చు, సీటెక్కించకుండా ఉంటే చాలు. సరస్సులో తిరిగే పడవల్లోనూ కుక్కల్ని రానిస్తారు.

సరస్సుకి అవతలి ఒడ్డున, నియర్ సారీ అనే పల్లెకు దగ్గర్లో మా కాటేజీ. రాతి గోడలు, పలకరాళ్ల కప్పు, తల వంచి దూరాల్సిన గుమ్మం. గుమ్మం పక్కనే కుక్కకి నీళ్లగిన్నె, బురద కాళ్లు తుడవడానికి పాత తువ్వాళ్లు! దాంతోపాటు గోడమీద షరతులూ ఉన్నాయి. కుక్క పరుపు మనమే తెచ్చుకోవాలి. మేడమీదికి, సోఫామీదికి ఎక్కనివ్వకూడదు. ఒంటరిగా వదిలి వెళ్లకూడదు. దానికి విడిగా అద్దె కూడా కట్టాలి.

అసలు కట్టుబాట్లు గడప దాటాక మొదలవుతాయి. అక్కడి నడకదారులు రైతుల పొలాల మధ్యనుంచే వెళ్తాయి. నడిచే హక్కు అందరికీ ఉంది, కానీ ఆ పచ్చిక గొర్రెలది. హెర్డ్‌విక్ జాతి గొర్రెలు ఈ కొండల ప్రత్యేకత. పిల్ల పుట్టినప్పుడు నల్లగా ఉంటుంది, పెరిగేకొద్దీ బూడిదరంగుకి మారుతుంది. కొండమీద కంచెలుండవు. తమ మేత హద్దు ఎక్కడిదాకానో పిల్లలు తల్లి వెంట తిరిగి నేర్చుకుంటాయి. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి ఈ ప్రాంతంలో మందలకు మందల్నే చంపాల్సివచ్చినప్పుడు రైతులు కోల్పోయింది గొర్రెల్నే కాదు, తరాలుగా వస్తున్న ఆ తెలివిని కూడా.

'పీటర్ రాబిట్' కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1905లో నియర్ సారీలోనే హిల్ టాప్ అనే పొలం కొన్నారు. తర్వాత హెర్డ్‌విక్ గొర్రెల పెంపకంలోనూ పేరు తెచ్చుకున్నారు. 1943లో చనిపోతూ 4 వేల ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్టుకి రాసిచ్చారు. ఇవాళ మనం తిరిగే కొండలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ చలవ కొంత ఆమెదే.

మన కుక్క ఎంత సాధువైనా ఆ సంగతి గొర్రెకు తెలియదు కదా! అది సరదాగా తరిమినా చూలు గొర్రెకు గర్భస్రావం కావచ్చు. అందుకే బహిరంగ కొండభూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్క మెడకి రెండు మీటర్లు మించని తాడు ఉండాల్సిందే. గొర్రెల్ని తరిమే కుక్కను ఆపడానికి వేరే దారి లేకపోతే రైతు కాల్చేసినా చట్టం తప్పుపట్టదు. ఆవుల దగ్గర మాత్రం లెక్క వేరు. అవి వెంటపడితే వెంటనే తాడు వదిలేయాలి. కుక్క పరుగెత్తి తప్పించుకుంటుంది, మనమూ బయటపడతాం.

కాటేజీ తీసుకునేముందు పెరటికి కంచె ఉందా, ఎన్ని కుక్కల్ని రానిస్తారు, పక్కనే మందలున్నాయా అని అడగడం మంచిది. కుక్కకు మైక్రోచిప్ తప్పనిసరి. మన దేశం నుంచి కుక్కను తీసుకెళ్లాలంటే రేబిస్ టీకా, ఆపైన రక్తపరీక్ష, ఆ తర్వాత మూడు నెలల నిరీక్షణ ఉంటాయి. కాబట్టి ఈ సరదా అక్కడ స్థిరపడ్డవాళ్లకే.

నాలుగు రోజులూ టామీ తాడుతోనే తిరిగింది. దానికేమీ లోటు కనిపించలేదు. సాయంత్రం కాళ్లు తుడిపించుకుని, పొయ్యి ముందు తన పాత పరుపు మీద హాయిగా నిద్రపోయేది. అది గొర్రెల జోలికి పోనంతకాలం ఆ ఊళ్లో దానికి ఏ తలుపైనా తెరిచే ఉంటుంది.