నొప్పి పాదం నుంచి పైకి రావాలి

మా కోట్‌పల్లి చుట్టుపక్కల తండాల్లో నడుము నొప్పిని ఎవరూ రోగం అనుకోరు. పత్తి ఏరితే నొస్తుంది, కంది కోస్తే నొస్తుంది, తాండూరు వైపు నాపరాతి గనుల్లో బండలు ఎత్తితే నొస్తుంది. తెల్లారితే మళ్లీ పనికి పోవాల్సిందే. మా యాడి అట్లాగే బతికింది. నాకు డీఈడీ చదువుతో బడిలో ఉద్యోగం వచ్చింది. అయినా నలభై దాటాక ఆ నొప్పి నా దగ్గరికీ వచ్చింది.

నాది మామూలు నడుము నొప్పి కాదు. పిరుదులో మొదలై, తొడ వెనక నుంచి పిక్క మీదుగా పాదం దాకా మంటలా దిగేది. దగ్గితే ఎక్కువయ్యేది. చిన్నపిల్లల పక్కన కింద కూర్చుంటే లేవడం కష్టమయ్యేది. తండాలో తలా ఒక మాట చెప్పారు. వాత పెట్టించుకోమన్నారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము మీద తన్నించుకోమన్నారు. నెల రోజులు మంచం దిగొద్దన్నారు.

వికారాబాద్‌లో డాక్టరు చూసి దీన్ని సయాటికా అంటారని చెప్పారు. నడుము కింది భాగంలో వెన్ను నుంచి వచ్చే నరాల వేర్లు కలిసి సయాటిక్ నరం అవుతుంది. మన ఒంట్లో అన్నిటికంటే పెద్ద నరం ఇదే, దాదాపు బొటనవేలంత లావు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బి నరం వేరును నొక్కితే కాలు నొస్తుంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచం మీదే ఉండిపోతే మాత్రం కండరాలు బిగుసుకుపోతాయి. ఓర్చుకోగలిగినంత నడవాలి, మెల్లగా ఒళ్లు సాగదీయాలి.

ఫిజియోథెరపిస్టు నాకు మూడు పద్ధతులు చూపించారు. మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఛాతీ వైపు మెల్లగా లాగడం. 20 నుంచి 30 సెకన్లు ఉంచి వదలాలి. ఒక్కో కాలికి మూడుసార్లు. రెండోది: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో తొడ మీద అడ్డంగా పెట్టి, ఆ రెండో తొడను దగ్గరికి లాక్కోవడం. పిరుదు సాగుతున్నట్టు తెలుస్తుంది. మూడోది: బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీని కొద్దిగా ఎత్తడం.

అన్నీ అందరికీ పడవు. ఎవరికి ఏది పనికొస్తుందో చెప్పే గుర్తు ఒకటుంది. పాదంలో ఉన్న నొప్పి పిక్కకు, పిక్క నుంచి పిరుదుకు, నడుముకు జరిగితే మంచి సూచన. నొప్పి ఇంకా కిందికి దిగితే, తిమ్మిరి పెరిగితే వెంటనే ఆపాలి. ఊపుతో వంగడం, కుదుపుతో లాగడం వద్దు. మూత్రం, దొడ్డి మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం ఎత్తలేకపోయినా సాగదీస్తూ కూర్చోకూడదు. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

రెండు నెలల్లో నేను తేరుకున్నాను. దీనికి పెట్టుబడి ఒక చాప, రోజుకు పావుగంట. ఇంత చవకైన వైద్యం మా తండాకు ఎందుకు రాలేదని ఆలోచించాను. ఆసుపత్రిలో చెప్పే నాలుగు ముక్కలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. గోర్‌బోలి తప్ప రాని ముసలమ్మ తల ఊపి వచ్చేస్తుంది. చీటీలో గోలీలు కొనుక్కుంటుంది, వ్యాయామం అక్కడే ఉండిపోతుంది. నొప్పి తగ్గక సూదులకు, తర్వాత అప్పులకు పోతుంది.

ఇప్పుడు ఆదివారాలు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాపలు పరుస్తారు. డాక్టరుకు చూపించుకుని వచ్చినవాళ్లకు వాళ్లకు చెప్పిన వ్యాయామాన్నే మా భాషలో మళ్లీ చెప్తాను. పత్తి చేలో గంటకోసారి నిటారుగా నిలబడి నడుము వెనక్కి వంచమంటాను. "మేస్త్రీ కేకేస్తే?" అని ఒకామె అడిగింది. నిజమే, నడుము సాగదీయడానికి రెండు నిమిషాలు కూడా కూలీ చేతిలో ఉండవు. కలిసి పనికి పోయేవాళ్లు కలిసే అడగాలన్నాను.

ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులారా, మనం జీతం వచ్చే నెలలో సెలవు పెట్టి మందులు తెచ్చుకోగలం. మన పిల్లల తల్లులకు ఆ వీలు లేదు. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలని బడిలో పిల్లలకు చేసి చూపించండి. వాళ్లు ఇంటికి పోయి సొంత భాషలో అమ్మకు చెప్తారు.