నల్లతెల్ల ఫొటోల్లో నావికా జెట్లు
— ఒక బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

అభిరుచి అనేది మనల్ని అడిగి రాదు. మా హాస్టల్లో ఒకడికి తపాలా బిళ్ళలు, ఇంకొకడికి పాత సినిమా పాటలు. నాకేమో విమానవాహక నౌకల మీద వాలిన తొలితరం జెట్ యుద్ధవిమానాల ఫొటోలు! వరీ మినుమూ తప్ప వేరే ముచ్చట లేని ఇంట్లో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందిరా అని మిత్రులు నవ్వుతుంటారు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఫొటోల్లో నాకేం కనిపిస్తుందో కాస్త చెప్పుకుంటాను.

మొదట చూడవలసింది 1945 డిసెంబరు 3 నాటి ఘట్టం. బ్రిటిష్ నౌక ‘ఓషన్’ మీద ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ సీ వాంపైర్ విమానాన్ని దింపాడు. పూర్తిగా జెట్ శక్తితోనే నడిచే విమానం నౌక మీద వాలడం లోకంలో అదే మొదలు. వెనక రెండు దూలాలు, మధ్యన కోడిగుడ్డు లాంటి పొట్ట. ఆ పొట్ట చెక్కతో చేసిందంటే నమ్ముతారా? ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి అతికించారు. కొత్త యుగానికి నాంది పలికిన యంత్రంలో అంత వడ్రంగం ఉంది! మరుసటి ఏడాది జూలై 21న అమెరికావాళ్ళు కూడా ‘ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్’ నౌక మీద తమ ఫాంటమ్‌ను దింపారు.

ఫిజిక్సు చదివేవాడికి ఈ ఫొటోలు లెక్కల పుస్తకాల్లాంటివి. కోణం మారకుండా వేగం సగమైతే రెక్క మోసే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది. నౌక మీదికేమో నెమ్మదిగా రావాలి. అందుకే ఆ విమానాలకు తిన్నని రెక్కలు. పంకా విమానానికి పవరు పెంచితే వెంటనే గాలి రెక్క మీదికి కొట్టి ఎత్తుతుంది. ఆనాటి జెట్ ఇంజను పుంజుకోవడానికి కొన్ని క్షణాలు పట్టేది. ఆ క్షణాల్లోనే సముద్రం దగ్గరపడుతుంది. పైగా అప్పటి డెక్కు తిన్ననిది. తోక కొక్కేనికి డెక్కు మీది ఇనుప తాడు తగలకపోతే ఎదురుగా అడ్డువల, దాని అవతల నిలిపి ఉంచిన విమానాలు. ఏటవాలు డెక్కు, ఆవిరి కాటపుల్టు, దారి చూపే అద్దం 1950ల్లో వచ్చాకే పైలట్ల ప్రాణం కొంత కుదుటపడింది. ఫొటో కింద తేదీ లేకపోయినా, డెక్కు మీద గీసిన గీతల్ని బట్టి అది ఏ కాలం నాటిదో ఇప్పుడు ఇట్టే చెప్పేయగలను.

ఇంకో చిత్రం వినండి. అమెరికా పాంథర్, బ్రిటిష్ సీ హాక్ రెండింటి పొట్టలోనూ ఉన్నది రోల్స్ రాయిస్ వారి ‘నీన్’ వంగడమే. ఆ ఇంజను వెడల్పాటిది కనుకే విమానాలకు ఆ గుండ్రటి ఒళ్ళు. బ్రిటన్ అదే ఇంజన్లను రష్యాకూ అమ్మింది. వాటిని చూసి చేసిన ఇంజనుతోనే మిగ్-15 ఎగిరింది. 1950 నవంబరు 9న కొరియా ఆకాశంలో ఒక పాంథర్ ఒక మిగ్‌ను కూల్చింది. అంటే దాయాదుల పోరే కదా!

సంక్రాంతి సెలవుల్లో ఈ ఫొటోలు మా నాన్నకు చూపించాను. డెక్కు మీద పదిమంది నావికులు ఒంగి, రెక్కలు మడిచిన పాంథర్‌ను తోస్తున్న ఫొటో దగ్గర ఆగాడు.

“ఏరా, అంత ఇంజను పెట్టుకుని మళ్ళీ మనుషులు తొయ్యడమేంట్రా?” అన్నాడు. తర్వాత తనే, “బురదలో దిగబడ్డ బండిని తోసినట్టే ఉంది. అదిగో, చక్రం కింద అడ్డు పెట్టేవాడు కూడా ఉన్నాడు,” అన్నాడు. అంతకుముందు నేనెప్పుడు చూసినా విమానాన్నే చూసేవాణ్ణి. చెక్కదిమ్మ పట్టుకుని పక్కన కూర్చున్నవాడి మీద కన్ను పెట్టించింది మా నాన్నే.

తర్వాతది కొరియా లోయ మీదుగా బాంబులతో పోతున్న పాంథర్ల ఫొటో. నాన్న విమానాల వంక చూడలేదు. “కింద ఉన్నవి వరిమళ్ళలా ఉన్నాయే. ఎవరివో పాపం?” అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ లోయల్లోనే 1951 సెప్టెంబరులో ఒక పాంథర్ రెక్క కొస తెగిపోయింది. పైలట్ ఎలాగో తమవాళ్ళ ప్రాంతం దాకా లాక్కొచ్చి పారాచూట్‌తో దూకాడు. అతనే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికి ఇరవై ఒకటేళ్ళు, నాకంటే ఒక్క ఏడాది పెద్ద. దూకలేకపోయినవాళ్ళ పేర్లు మనకెవరికీ తెలియవు. కింద మళ్ళలో ఉన్నవాళ్ళ పేర్లు అసలే తెలియవు.

మనకూ ఈ కథతో సంబంధం ఉంది. 1971 డిసెంబరులో మన ‘విక్రాంత్’ మీంచి సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ విక్రాంత్‌ను 2014లో ముంబయిలో ముక్కలు చేయడం మొదలుపెట్టారు. నౌక పోయింది, ఫొటోలు మిగిలాయి.

ఇంత ఆలోచించాక ఈ అభిరుచి మానుకోవాలా అంటే, మానుకోలేను. సీ హాక్ అందం అందమే. అయితే ఇప్పుడు ప్రతి ఫొటోనూ మూడుసార్లు చూస్తాను. మొదట విమానాన్ని, తర్వాత దాన్ని తోసేవాళ్ళని, ఆ తర్వాత కింద నేల కనిపిస్తే ఆ నేలని. మూడోసారి చూపు ఎక్కువసేపు నిలుస్తుంది. రైతుబిడ్డను కదా!