సర్కారుకు అండ్ల ఏం పని?

మొన్న ఆదివారం ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర, పేదలకు అమెరికా సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ కోతల మాట వచ్చింది. మా నిజామాబాద్ జిల్లా తమ్ముడే, ఆర్మూరు వైపు పిల్లవాడు, "సర్కారుకు అండ్ల ఏం పని అన్నా? ఎవల రోగం వాళ్లే సూసుకోవాలె" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు. నాకు ముద్ద దిగలేదు. మంచి పిల్లవాడు, ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా డబ్బు పంపే చెయ్యి. నా కోపం అతని మీద కాదు, ఆ మాట మీద. అదే మాట నేను బోధన్‌లో విన్నాను. అది ఊరిని ఏం చేస్తుందో కళ్లారా చూశాను.

నేనుండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ పక్కన షుగర్‌లాండ్‌లో. పుట్టి పెరిగింది బోధన్ షక్కర్‌నగర్‌లో. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు వచ్చింది, ఆ చెరుకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. ప్రాజెక్టు సర్కారుది, కాలువ సర్కారుది, మిల్లు సర్కారుది. బాపు బాయిలింగ్ హౌస్‌లో పనిచేసేవాడు. మా ఇల్లు ఫ్యాక్టరీ క్వార్టర్, మా బడి ఫ్యాక్టరీ బడి, జ్వరమొస్తే పోయింది ఫ్యాక్టరీ ఆసుపత్రికి. ఈ రోజు నేను అమెరికాలో కూర్చుని ఇంత మాట్లాడుతున్నానంటే, సర్కారు తనకు సంబంధం లేని పనులు బోలెడు చేసినందువల్లే.

తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుల కాలం వచ్చింది. చక్కెర చేయడం సర్కారు పనా అని హైదరాబాద్‌లో అడగడం మొదలుపెట్టారు. 2002లో చంద్రబాబు ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకు అమ్మింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు కూడా మూతబడ్డాయి. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) లిక్విడేషన్‌కు ఆదేశించింది. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరిపిస్తామన్న హామీ మాత్రం తెరుచుకుంటూనే ఉంది.

నష్టాలొచ్చాయి కదా, ఎన్నాళ్లు మోస్తారు అంటారు. నష్టాలొచ్చిన మాట నిజమే. కానీ మిల్లులు చేసిన చక్కెరలో ఒక వంతును సర్కారు లెవీ కింద తక్కువ ధరకు తీసుకుని రేషన్ షాపులకు పంపేది. 2013 దాకా దేశమంతా ఈ పద్ధతి నడిచింది. అంటే ఆ నష్టంలో కొంత పేదవాడి చాయ్‌లో కరిగింది. ఆ లెక్క బ్యాలన్స్ షీట్‌లో కనపడదు.

సర్కారుకేం పని అని ఊరకే అనేవాళ్లు కాదు, దాన్నే సిద్ధాంతంగా చేసుకున్నవాళ్లు ఇక్కడి రిపబ్లికన్లు. సమస్యకు పరిష్కారం ప్రభుత్వం కాదు, ప్రభుత్వమే సమస్య అని 1981లో ప్రమాణస్వీకారం రోజున రీగన్ చెప్పాడు. ఆ పార్టీలో రెండు తరాలు ఆ మాట మీదే బతికాయి. మా షుగర్‌లాండ్‌నే చూడండి. ఇదీ చక్కెర మిల్లు చుట్టూ పుట్టిన ఊరే. ఇంపీరియల్ షుగర్ రిఫైనరీ 2003లో మూతపడింది. ఈ ఊరివాడే టామ్ డిలే, పురుగుమందు కొట్టే వ్యాపారం నడిపి, పర్యావరణ నిబంధనల మీద కోపంతో రాజకీయాల్లోకి వచ్చి, సరిగ్గా అదే ఏడాది ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ నాయకుడయ్యాడు.

ఇంత సిద్ధాంతం ఉన్న పార్టీ చక్కెర దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తుందో మా బోధన్ రైతులకు ఎవరైనా చెప్పారా? బయటి చక్కెర ఎంత రావాలో అమెరికా సర్కారు కోటా పెడుతుంది. దాటితే భారీ సుంకం. మిల్లులకు పౌనుకు ఇంత అని లెక్కగట్టి అప్పిస్తుంది. ధర పడిపోతే అప్పు కట్టకుండా చక్కెరనే సర్కారు చేతిలో పెట్టి వెళ్లిపోవచ్చు. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టంలో ముడి చెరుకు చక్కెరకు ఆ అప్పు రేటును 19.75 సెంట్ల నుంచి 24 సెంట్లకు పెంచారు. మెడికెయిడ్‌కు కోత పెట్టిందీ ఆ చట్టమే. కోటిమంది దాకా బీమా కోల్పోతారని కాంగ్రెస్ సొంత బడ్జెట్ ఆఫీసే అంచనా కట్టింది. ఫ్లోరిడా చక్కెర కుబేరుల దగ్గర సర్కారుకు పనుంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న తల్లి దగ్గర మాత్రం లేదట.

ఇది ఒక్క చక్కెరతో ఆగలేదు. 2012లో శాండీ తుపాను న్యూయార్క్, న్యూజెర్సీలను ముంచితే, సాయం బిల్లుకు టెక్సాస్ సెనేటర్లు టెడ్ క్రూజ్, జాన్ కార్నిన్ ఇద్దరూ వ్యతిరేకంగా ఓటేశారు. 2017లో హార్వీ తుపాను వచ్చి మా హ్యూస్టన్ మునిగినప్పుడు ఫెడరల్ సాయం కావాలని అడిగినవాళ్లూ వీళ్లే. అప్పుడు పడవల్లో తిరిగిన మనుషులను చూశాను. ఎవరి ఇంట్లో ఎవరున్నారని అడగకుండా ఎత్తుకొచ్చారు. ఈ దేశపు మనుషుల మీద నాకు గౌరవం తగ్గలేదు, తగ్గదు. నిజం చెప్పాలంటే ఇక్కడి సర్కారును చూసి కుళ్లుకున్నాను కూడా. కౌంటీ లైబ్రరీలో పిల్లలకు రూపాయి ఖర్చు లేకుండా సంచినిండా పుస్తకాలిస్తారు. పసుపుపచ్చ బడి బస్సు ఆగితే రోడ్డంతా ఆగుతుంది. మన నిజామాబాద్‌లో ఇది ఎందుకు లేదని ఎన్నిసార్లు బాధపడ్డానో.

అందుకే మనవాళ్ల తీరు అర్థం కాదు. ఇల్లు కొనేముందు మనం మొదట చూసేది సర్కారు బడి రేటింగే. ఆ బడి కోసమే లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి ఆ వీధిలోనే కొంటాం. మరి 2025 మే నెలలో గవర్నర్ అబాట్ వంద కోట్ల డాలర్ల ప్రజాధనాన్ని ప్రైవేటు బడుల వోచర్లకు మళ్లించే చట్టం మీద సంతకం చేస్తే చప్పట్లు కొట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మెడికెయిడ్‌ను పేదలందరికీ విస్తరించని 10 రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. దేశంలో బీమా లేనివాళ్ల శాతం ఎక్కువున్నదీ ఇక్కడే. ఊళ్లో చిన్నాయన గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిందని ఫోన్‌లో విని దండం పెట్టుకున్నవాడే ఇక్కడ ఎవరి రోగం వాళ్లే చూసుకోవాలంటే ఎట్లా?

చిన్న ప్రభుత్వం కావాలన్న ఈ పార్టీయే ఆ జులై చట్టంలో వలసదారులను పట్టి ఉంచే నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు రాసింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. దానికి ముందు, అధికారంలోకి వచ్చిన తొలిరోజే, తాత్కాలిక వీసాల మీదున్న వాళ్లకు ఇక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వం లేదని ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని కోర్టులు అడ్డుకున్నాయి. సర్కారుకు ఇక్కడ మాత్రం చేతినిండా పని.

వలసదారుల పట్ల ఈ తీరును బోధన్‌తో పోల్చబోతే పోలిక నిలవదు. మా దగ్గర వలసంటే వేరు. నిజాంసాగర్ నీళ్లు చూసి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, రుద్రూరు చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. చెరుకు కోతలకు నాందేడ్ వైపు నుంచి మరాఠీ కూలీలు గుడిసెలతో సహా దిగేవారు. క్రషింగ్ మొదలైతే ఎడపల్లి రోడ్డు పొడవునా చెరుకు బండ్లు, రాత్రంతా ఎడ్ల మెడల్లో గంటలు, ఊరంతా కాగుతున్న రసం వాసన. మేం పిల్లలం బండి వెనక నుంచి గడ లాగితే మరాఠీ తాత కొరడా గాలిలో ఆడించేవాడు, కొట్టేవాడు కాదు. బాపు ఉర్దూలో ఫోర్‌మన్‌తో, మరాఠీలో కూలీతో, తెలుగులో మాతో మాట్లాడేవాడు. గొడవలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఎవడి దేవుడు ఎవడన్న ప్రశ్న మిల్లు గేటు దగ్గర ఎవరూ వేయలేదు.

ఇక్కడ వేశారు. మా ఊరి అష్టలక్ష్మి గుడిలో 2024 ఆగస్టులో చినజీయర్ స్వామి చేతుల మీదుగా 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో సెనేట్‌కు రిపబ్లికన్ టికెట్ కోరుతున్న అలెగ్జాండర్ డంకన్ అనే నాయకుడు, ఇది క్రైస్తవ దేశమనీ, టెక్సాస్‌లో అబద్ధపు దేవుడి విగ్రహాన్ని ఎందుకు ఉండనిస్తున్నామనీ బహిరంగంగా రాశాడు. హిందూ అమెరికన్ ఫౌండేషన్ ఆ పార్టీని నిలదీసింది. పన్నులు తగ్గిస్తారని, మన సంస్కృతిని గౌరవిస్తారని ఆ పార్టీ వెంట నడిచిన మన పెద్దలు ఆ వారమంతా ఫోన్లలో బాధపడ్డారు. ఆ బాధ నాదీ. గుడిని కాపాడేది రాజ్యాంగపు మొదటి సవరణ, దాన్ని అమలుచేసే కోర్టులు. అవీ సర్కారే.

2026 నవంబరు 3న ఇక్కడ మధ్యంతర ఎన్నికలు. పౌరసత్వం వచ్చి ఓటున్న మనవాళ్లు టెక్సాస్‌లో వేలల్లో ఉన్నారు, చాలామంది ఓటరుగా నమోదు కూడా చేసుకోలేదు. నమోదుకు ఎన్నికలకు 30 రోజుల ముందు దాకానే గడువు. వెంటనే చేయించుకోండి. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని మెడికెయిడ్ గురించి, బడుల గురించి అడగండి. సర్కారుకు అండ్ల ఏం పని అని అతనంటే, చక్కెర మిల్లుల దగ్గర ఏం పని ఉందో చెప్పమనండి.