పాత బండిలో ఉమరాబాద్ దాకా

ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చిన కొద్దిసేపటికే ఫోను మోగింది. ఉమరాబాద్‌లో నాకు హదీసు బోధించిన ఉస్తాద్ గారు ఇహలోకాన్ని వీడారన్న వార్త. జనాజా నమాజు మరునాడు జుహ్ర్ తరువాత. ఇన్నాలిల్లాహ్ పఠించి గోడగడియారం వైపు చూశాను. కర్నూలు నుండి ఉమరాబాద్ సుమారు ఐదు వందల యాభై కిలోమీటర్లు. సమయానికి చేర్చే రైలు లేదు. ఉస్తాద్ గారి సతీమణితో మా అమ్మీకి పాత స్నేహం. తానూ వస్తానని అప్పుడే చెప్పులు వెతుక్కోసాగింది.

మా బావగారి ఇంట ఒక పాత డీజిల్ ఎస్‌యూవీ ఉంది. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు తీరితే, మరో ఐదేళ్ళకు పొడిగించుకొని నడుపుతున్నారు. లారీకి ఉన్నట్లే దీనికీ అడుగున ఉక్కు ఛాసిస్, దానిపై బిగించిన బాడీ. మనుషులూ సామానూ ఎక్కితే బరువు రెండు టన్నులు దాటుతుంది. అమ్మీ ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూలు వేయవలసిందే. ఎక్కి కూర్చున్నాక మాత్రం కారులో వలె మోకాళ్ళు ముడుచుకోనక్కరలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మేనల్లుడు స్టీరింగు పట్టాడు. నేను పక్కన, అమ్మీ, నా శ్రీమతి, చెల్లెలు మధ్య వరుసలో.

డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా 44వ నెంబరు జాతీయ రహదారిపై ఆ బండి నడిచిన తీరు చెప్పుకోదగినది. పట్టణంలో బద్ధకంగా, మూలుగుతూ కదిలే వాహనమే తిన్నని దారిలో డెబ్భై, ఎనభై వేగం అందుకోగానే కుదుటపడింది. వంతెనల అతుకుల మీద చిన్న కార్లు ఎగిరిపడే చోట ఇది ఒకసారి ఊగి ఊరుకుంటుంది. అయితే స్టీరింగు మధ్యలో రెండు వేళ్ళంత వదులు ఉంది. అబ్బాయి దానిని అటూ ఇటూ సవరిస్తూనే ఉండాలి. తొంభై దాటితే ఆ ఎత్తైన ముఖం గాలికి అడ్డుగోడ అవుతుంది, డీజిలు ముల్లు త్వరగా దిగుతుంది. పెనుకొండ ప్రాంతంలో కొండల మీద గాలిమరలు తిరుగుతున్న చోట పక్కగాలి తగిలి బండి ఒక మూరెడు జరిగింది కూడా. మలుపుల్లో వేగం ముందే తగ్గించుకోకపోతే పైభాగమంతా ఒక పక్కకు ఒరుగుతుంది.

ఫజ్ర్ నమాజు అనంతపురం దగ్గర చేసుకున్నాము. మళ్ళీ ఎక్కేటప్పుడు ప్రయాణ దుఆలోని ‘ముఖ్రినీన్’ అనే పదం దగ్గర నా మనసు ఆగింది. ఈ వాహనాన్ని అల్లాహ్ మాకు వశపరిచాడు, లేకుంటే దీనిని లొంగదీసే శక్తి మాకు లేదని ఒప్పుకోవడం ఆ దుఆ సారం. ఏళ్ళ తరబడి విద్యార్థులకు ఆ పదానికి అర్థం చెప్పాను. ఒంటెల కాలపు మాటగానే చెప్పాను.

బాగేపల్లి దాటేసరికి ఎండ వచ్చింది. ఆ తరువాత బెంగళూరు. ఆ నగరం గుండా ఉదయం పూట వెళ్ళిన పాఠకులకు వర్ణించనక్కరలేదు. మేము అనుకున్నదానికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. క్లచ్ తొక్కి తొక్కి మేనల్లుడి ఎడమకాలు నొప్పెక్కింది, ఇంజిన్ వేడి ముల్లు సగం దాటింది. హోసూరు వచ్చేసరికి పదకొండున్నర దాటిపోయింది. ఇంకా నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే.

“ఇక తొందరగా పోనీ బేటా” అన్నాను. అన్నది నేనే.

హోసూరు నుండి కృష్ణగిరికి దారి పీఠభూమి దిగుతుంది. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉండటం వల్ల వాలు కంటికి ఆనదు, బండికి మాత్రం తెలుస్తుంది. ఎనభై నుండి వందకు పెరిగితే వేగం పెరిగింది పావు వంతే గదా అనిపిస్తుంది. ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంత బరువు, అందునా వాలు. నేను వందకు తగ్గనివ్వలేదు. లారీలు అడ్డు వచ్చిన ప్రతిసారీ అబ్బాయి బ్రేకు తొక్కుతున్నాడు, ఖాళీ దొరకగానే మళ్ళీ పరుగు. శూలగిరి దాటాక ఘాటైన కాలిన వాసన వచ్చింది.

“మామూ, పెడలు మెత్తబడింది” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి. ముందు లారీ ఉంది. పెడలును రెండు మూడుసార్లు గబగబా కొట్టి, గేరు ఒక్కొక్కటే దించాడు. ఇంజిన్ బిగ్గరగా అరిచింది. ఎడమకు తీసి, హ్యాండు బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ రోడ్డు పక్క మట్టిలో నిలిపాడు. వెనుక అమ్మీ తస్బీహ్ పూసల చప్పుడు ఆగిపోయింది.

“పది నిమిషాలు చూసి బయలుదేరుదాము” అన్నాను. మేనల్లుడు తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. “చక్రాలు చల్లబడేదాకా కదలను మామూ. అమ్మీజాన్ ఉంది బండిలో.” నాకు ఎదురు చెప్పి ఎరుగని పిల్లవాడు. చక్రాల మీద నీళ్ళు పోద్దామంటే అదీ వద్దన్నాడు. ఎర్రగా కాలిన డిస్కుపై చన్నీళ్ళు పడితే వంకరపోతుందట.

ముప్పావు గంట చెట్టు కింద ఉన్నాము. జుహ్ర్ వేళ అయింది. ప్రయాణికులం గనుక ఖస్ర్ చేసి రెండు రకాతులు చదివాము. సలాం తిప్పాక గడియారం చూశాను. అక్కడ సఫ్‌లు కడుతూ ఉంటారు.

తరువాత దిగువ దారి అంతా మూడో గేరులో, యాభై దాటకుండా సాగింది. ఇంజినే బండిని పట్టి ఉంచింది, పెడలు అవసరం అరుదుగా పడింది. హోసూరు నుండే ఇలా దిగి ఉండవలసింది. కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు. అక్కడి నుండి పేర్ణాంబట్టు దారి. 1924లో స్థాపితమైన జామియా దారుస్సలామ్ ప్రాంగణం చూడగానే, రాయలసీమ నుండి ట్రంకుపెట్టెతో వచ్చిన నాటి కుర్రవాడిని గుర్తు తెచ్చుకున్నాను. ఖనన సంస్కారం ముగిసి అప్పటికే చాలాసేపైంది. జనాజాను ఆలస్యం చేయరాదని మాకు నేర్పినవారే ఆయన. ఎవరి కోసమూ ఆగలేదు. తడి ఆరని మట్టి ముందు నిలబడి మగ్ఫిరత్ కోసం దుఆ చేశాను. ఉస్తాద్ గారి కుమారుడు నన్ను హత్తుకొని, “అమ్మీ కూడా వచ్చారా? క్షేమంగా చేరారు గదా?” అని అడిగాడు. చేరామన్నాను. దారి సంగతి చెప్పలేకపోయాను.

రాత్రి ప్రయాణం మానుకొని ఆంబూరులో బంధువుల ఇంట ఉన్నాము. ఉదయం మెకానిక్ బ్రేకు ఆయిలు తీసి సీసాలో చూపించాడు. టీ డికాక్షన్ రంగులో ఉంది. అది గాలిలోని తేమను పీలుస్తుందని, పాతబడితే వేడికి లోపల ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుందని, రెండేళ్ళకొకసారైనా మార్చాలని చెప్పాడు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలూ చూపించాడు. మొదటి రెండూ తయారైన వారం, తక్కిన రెండూ సంవత్సరం. వెనుక టైర్లు ఎనిమిదేళ్ళవి.

“ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారు?” అని అడిగాడు. మేనల్లుడు నా వైపు, నేను అతని వైపు చూసుకున్నాము. బావగారికి ఫోను చేస్తే, “బ్రేకులకు కూడా ఆయిలు ఉంటుందా?” అన్నారు.